సున్నా వచ్చిన గొట్టాలే లెక్క తేల్చాయి

విశాఖలో క్షయ రోగికి ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్ వంటి మందులను విడివిడిగా కాక కలిపే ఎందుకిస్తారన్న ప్రశ్నకు మూలం వెతికితే 1943 నాటి ఒక ప్రయోగం దగ్గర తేలుతాం. బ్యాక్టీరియాకు వైరస్‌ను తట్టుకునే గుణం వైరస్ తగిలిన తరువాత పుడుతుందా, లేక ముందే ఉత్పరివర్తనం (జన్యువులో దానంతటదే వచ్చే మార్పు) వల్ల వచ్చి ఉంటుందా అన్నది అప్పటికి తేలని వాదం. తగిలాక పుట్టేదైతే, బ్యాక్టీరియాను విడివిడిగా పెంచిన పరీక్ష గొట్టాలన్నిటిలోనూ తట్టుకున్న కణాలు ఇంచుమించు సమానంగా ఉండాలి. ముందే పుట్టేదైతే, తొలి తరాల్లో మారిన కణం సంతానం పదులు వందలుగా పెరిగిన గొట్టాలూ, ఒక్కటీ లేని గొట్టాలూ పక్కపక్కనే కనిపించాలి. సూక్ష్మజీవ శాస్త్రవేత్త సాల్వడార్ లూరియాకు ఈ ఆలోచన స్లాట్ మెషీన్ ఆడుతున్న సహోద్యోగిని చూస్తుండగా తట్టింది. గణితం ఆయనతో కలిసి పనిచేసిన భౌతిక శాస్త్రవేత్త మాక్స్ డెల్‌బ్రూక్‌ది.

వారి పట్టికల్లో ఒకదానిలో 20 గొట్టాలున్నాయి. వైరస్‌ను తట్టుకున్న కణాలు పదకొండింటిలో సున్నా, మిగిలినవాటిలో 1, 3, 5 వంటి అంకెల మధ్య 35, 64, 107. సగటు 11 పైచిలుకే అయినా విస్తృతి (వేరియన్స్, అంకెలు సగటు చుట్టూ ఎంతగా చెదిరాయో చెప్పే కొలత) దానికి అరవై రెట్లు దాటింది. అంటే ఆ గుణం ముందే పుట్టిందన్నమాట. పెట్రి పళ్లెం వెనుక పెన్నుతో చుక్కలు పెడుతూ ఇలాంటివి లెక్కించినవారెవరైనా ముందుగా తమ చేతినే అనుమానిస్తారు. కానీ ఆ సగటు లెక్కించేది సంతానాన్ని, ఉత్పరివర్తనాలను కాదు. సున్నా గొట్టాల వాటా 0.55, దాని సహజ సంవర్గమానాన్ని గుర్తు మార్చి తీసుకుంటే గొట్టానికి సుమారు 0.6 ఉత్పరివర్తనాలు. దీన్ని కణాల సంఖ్యతో భాగిస్తే రేటు వస్తుంది. అయితే సున్నాలే లేకపోయినా, అన్నీ సున్నాలే అయినా ఈ పద్ధతి చేతులెత్తేస్తుంది.

ఆ లోటును 1949లో లీ, కౌల్సన్‌ల సూత్రాలు చాలావరకు పూడ్చాయి. కంప్యూటరుకు అనువైన గణన పద్ధతి 1992లో వచ్చింది. ఈ రెండింటికీ ముందే, 1946లోనే, జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ ఇదే సమస్యకు ఒక పరిష్కారం రాసుకున్నా అది 1991 దాకా వెలుగు చూడలేదు. 1964లో భువనేశ్వర్‌లో మరణించిన ఆయన దేహం, వీలునామా ప్రకారం, విశాఖకు సుమారు 150 కిలోమీటర్ల దూరంలోని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకే చేరింది.

క్షయ క్రిములపై ఇదే రకం లెక్క 1970లో వెలువడింది: ఐసోనియాజిడ్‌ను తట్టుకునే ఉత్పరివర్తనం తరానికి సుమారు 4 కోట్ల క్రిముల్లో ఒకదానికి, రిఫాంపిసిన్‌ను తట్టుకునేది 440 కోట్లలో ఒకదానికి. ఊపిరితిత్తిలో క్షయ తొలిచిన ఒక్క గుల్లలోనే క్రిములు 10 కోట్ల దాకా ఉండవచ్చు కనుక మొదటి మందు ఒక్కటే ఇస్తే ఓటమి దాదాపు ఖాయం. ఒక క్రిమి రెండు మందులనూ ఒకేసారి తప్పించుకునే అవకాశం 1,700 కోట్ల కోట్లలో ఒకటి. రోగి రెండింటినీ కలిపి మింగినంత కాలమే ఆ గుణకారం చెల్లుతుంది.