డీఎన్ఏ, కండిషనర్, కాస్త ఉప్పు

గుంటూరు నుంచి ఒక ఇంటర్ విద్యార్థిని అడిగింది: "ఉల్లిపాయలోంచి డీఎన్ఏ తీసేటప్పుడు కాలేజీలో గిన్నెలు తోమే లిక్విడ్ వేయించారండీ. దాని బదులు హెయిర్ కండిషనర్ వేస్తే ఏమవుతుంది?"

పరీక్షలో రాదు కాబట్టి ఎవరూ అడగని ప్రశ్న. అందుకే నాకు నచ్చింది.

గిన్నెల లిక్విడ్‌లో ప్రధానంగా ఉండేవి రుణావేశపు సర్ఫాక్టెంట్లు, అంటే నీళ్లను ఇష్టపడే తల, కొవ్వును ఇష్టపడే తోక ఉన్న సబ్బులాంటి అణువులు. కణపొరలో కొవ్వును చెదరగొడతాయి కానీ డీఎన్ఏ జోలికి పోవు, దానిదీ రుణావేశమే కదా. కండిషనర్‌లోవి ధనావేశపు రకం. వాటికి ల్యాబ్‌లో ఉన్న దగ్గరి చుట్టం సీట్యాబ్ (CTAB) అనే సర్ఫాక్టెంట్: ధనావేశపు తల, పదహారు కార్బన్ల తోక. సావ్లాన్‌లోని సెట్రిమైడ్‌దీ ఇదే కుటుంబం. మిరప తోటకు జెమిని వైరస్ సోకిందో లేదో పీసీఆర్‌తో (డీఎన్ఏకు బోలెడు నకళ్లు తీసి గుర్తించే పరీక్ష) తేల్చాలంటే ముందు ఆకులోంచి డీఎన్ఏ తీయాలి, మొక్కల ల్యాబుల్లో ఆ పనికి ఎక్కువగా వాడేది సీట్యాబే.

ధన, రుణావేశాలు ఆకర్షించుకుంటాయి, అందుకే సీట్యాబ్ డీఎన్ఏకు అతుక్కుంటుంది. మన కోచింగ్ క్లాసుల్లో పాఠం ఇక్కడితో అయిపోతుంది. కానీ సోడియం అయాన్‌దీ ధనావేశమే, పైగా డీఎన్ఏ చుట్టూ అది ముందే చేరి ఉంటుంది. మరి సీట్యాబ్‌కు చోటెలా దొరికింది?

డీఎన్ఏ పొడవునా ప్రతి 0.34 నానోమీటర్లకు ఒక బేస్ జత, జతకు రెండు ఫాస్ఫేట్లు, ఒక్కోదానికి ఒక రుణావేశం. ఆవేశాలు ఇంత ఇరుగ్గా ఉండేసరికి సోడియం అయాన్లు ఎగబడి వచ్చి దాదాపు ముప్పావు వంతు ఆవేశాన్ని కప్పేస్తాయి. దసరాల్లో మూలా నక్షత్రం రోజున ఇంద్రకీలాద్రి క్యూలైన్లు చూశారుగా, ఆ సోడియం పరిస్థితి అదే. ఇప్పుడు సీట్యాబ్ వస్తుంది, అదీ ఒంటరిగా కాదు. నీళ్లంటే గిట్టని తోకలు ఒకదాన్నొకటి పట్టుకుని జట్టుగా దిగుతాయి. ఆ జట్టు క్యూలో దూరగానే అక్కడ కిక్కిరిసిన సోడియం అయాన్లు బారికేడ్లు దాటి ఖాళీ రోడ్డు మీద పడతాయి. వాటికి దొరికిన ఆ స్వేచ్ఛ పేరే ఎంట్రోపీ. సీట్యాబ్‌ను డీఎన్ఏకు అతికించడంలో ఆకర్షణ కన్నా దీని వాటాయే పెద్దది.

రోడ్డు కూడా కిటకిటలాడుతుంటే? క్యూలోంచి బయటపడి లాభం లేదు. ఉప్పు చేసేది ఇదే, ద్రావణమంతా సోడియం అయాన్లతో నింపేస్తుంది. మామూలు ల్యాబ్ ద్రావణంలో 2 శాతం సీట్యాబ్, లీటరుకు 1.4 మోల్‌ల ఉప్పు ఉంటాయి. ఇంత ఉప్పులో సీట్యాబ్ పొరల్ని చీల్చి, ఆకులోని జిగురు పాలీశాకరైడ్లనూ ప్రోటీన్లనూ పట్టుకుంటుంది, డీఎన్ఏ మాత్రం హాయిగా కరిగి ఉంటుంది. అవి తీసేశాక మిగిలిన తేట ద్రావణంలో మంచినీళ్లు పోసి ఉప్పును 0.5 మోల్ కన్నా తగ్గిస్తే సీట్యాబ్, డీఎన్ఏ రెండూ కలిసే తెల్లటి మడ్డిగా ద్రావణంలోంచి బయటపడతాయి. నీళ్లు పోస్తే తెల్లటి పదార్థం పుట్టింది! ఈ సీసా ఇంకా ఏ బాబా చేతికీ చిక్కలేదు, సంతోషం.

1995లో మెల్నికోవ్, సెర్గేయెవ్, యోషికావా అనే శాస్త్రవేత్తలు దీన్ని ఒక్కో అణువు స్థాయిలో చూశారు. టీ4 వైరస్ డీఎన్ఏ సాగదీస్తే 50 మైక్రోమీటర్లు దాటుతుంది. సీట్యాబ్ పెంచుతూ పోతే అది మెల్లమెల్లగా ముడుచుకోదు. ప్రతి అణువూ అయితే విప్పారి ఉంటుంది, లేదా ఒక్కసారిగా ఉండకట్టేస్తుంది. బేసుల మధ్య దూరి మెరిసే ఎథీడియం బ్రోమైడ్ లాంటి రంగును ముందే కలిపి ఉంచితే, డీఎన్ఏ ఉండకట్టేటప్పుడు ఆ రంగు బయటికి నెట్టబడి మెరుపు తగ్గుతుంది. ఎంత సీట్యాబ్ అతుక్కుందో అంచనా వేయడానికి ఇదో దారి.

ఇక కండిషనర్ సంగతి. దానిలోని ధనావేశపు సర్ఫాక్టెంట్లు కూడా సీట్యాబ్ లాగే డీఎన్ఏను పట్టుకోవచ్చు. కానీ అందులో కొవ్వు ఆల్కహాళ్లు, సిలికోన్లు కూడా ఉంటాయి కాబట్టి తెల్లగా తేలిందల్లా డీఎన్ఏ అని రికార్డులో రాయకమ్మా. గిన్నెల లిక్విడ్, కండిషనర్ రెండూ కలిపి వేస్తే మాత్రం ఆ రెండే ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, తలల ఆవేశాలూ కలుస్తాయి, తోకలూ కలుస్తాయి. సీట్యాబ్ చుట్టేసిన డీఎన్ఏను విడిపించడానికి ల్యాబుల్లో ఎస్‌డీఎస్ అనే రుణావేశపు సర్ఫాక్టెంట్‌ను వేసేది ఈ ధైర్యంతోనే.