సాఫ్ట్‌బాల్‌లో బంట్, బేస్ రన్నింగ్: అపోహలు - వాస్తవాలు

ఎస్‌జీఎఫ్ఐ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) పోటీల సీజన్ వచ్చిందంటే మా నిజామాబాద్ వైపు సాఫ్ట్‌బాల్ గ్రౌండ్ల చుట్టూ సలహాలకు కొదవ ఉండదు. పక్క స్కూల్ పీఈటీ సార్ ఒకటి చెప్తారు, సీనియర్ అమ్మాయి ఇంకోటి చెప్తుంది, ఫోన్‌లో బేస్‌బాల్ వీడియో చూసొచ్చిన నాన్న మూడోది చెప్తాడు. పిచింగ్ జోలికి పెద్దగా ఎవరూ రారు, అది కష్టమని అందరికీ తెలుసు. బంట్ (బ్యాట్ ఊపకుండా బాల్‌ని మెల్లగా దగ్గర్లోనే పడేయడం), బేస్ రన్నింగ్ (ఫస్ట్, సెకండ్, థర్డ్ బేస్‌ల మీదుగా హోమ్‌కి చేరి పరుగు సాధించడం) మాత్రం తేలిగ్గా కనిపిస్తాయి కాబట్టి ఎవరికి వాళ్లే రూల్స్ తయారు చేసేసుకున్నారు. అమ్మాయిలకు నేర్పేటప్పుడు నాకు ఎక్కువగా అడ్డుపడే మాటలు ఇవి.

అసలు విషయంలోకి వెళ్లేముందు ఒక లెక్క గుర్తు పెట్టుకోండి. మ్యాచ్‌కి ఏడు ఇన్నింగ్స్, ఇన్నింగ్స్‌కి మూడు అవుట్లు. అంటే మన జట్టు దగ్గర ఉన్నవి మొత్తం 21 అవుట్లు. అవి చేతిలో ఉన్న డబ్బు లాంటివి. ఒక్కోటి ఖర్చు పెట్టేముందు దానికి బదులుగా ఏం వస్తోందో చూసుకోవాలి.

అపోహ: ఫస్ట్ బేస్‌లో రన్నర్ ఉండి, ఒక్క అవుట్ కూడా కాకపోతే బంట్ ఆడించాల్సిందే.

మన దగ్గర ఇది దాదాపు శాసనం. మొదటి బ్యాటర్ ఫస్ట్ బేస్‌కి చేరగానే రెండో అమ్మాయి బంట్‌కి వంగుతుంది. అవతలి జట్టుకి కూడా ఆ సంగతి తెలుసు. అందుకే థర్డ్ బేస్, ఫస్ట్ బేస్ ప్లేయర్లు ముందే నాలుగడుగులు దగ్గరికి వచ్చి నిలబడతారు.

అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో ఏళ్ల తరబడి కూర్చిన లెక్కలు ఉన్నాయి. ఫస్ట్‌లో రన్నర్, అవుట్లు సున్నా అయితే ఆ ఇన్నింగ్స్‌లో సగటున 0.9కి అటూ ఇటుగా పరుగులు వస్తాయి. బంట్ ఆడి రన్నర్‌ని సెకండ్‌కి పంపి ఒక అవుట్ ఇచ్చేస్తే ఆ సగటు 0.7 దగ్గరికి పడిపోతుంది. కనీసం ఒక్క పరుగు వచ్చే అవకాశం కూడా పెరగదు, 40 శాతం చుట్టుపక్కలే ఉంటుంది. అంటే అవుట్ ఇచ్చి మనం కొన్నది ఏమీ లేదు.

అదే రన్నర్ సెకండ్‌లో ఉండి, అవుట్లు లేనప్పుడు లెక్క కాస్త మారుతుంది. బంట్‌తో ఆమెను థర్డ్‌కి పంపితే సగటు పరుగులు ఇక్కడా తగ్గుతాయి కానీ, ఒక్క పరుగు వచ్చే అవకాశం కొంచెం పెరుగుతుంది, సుమారు 62 శాతం నుంచి 66 దాకా. చివరి ఇన్నింగ్స్‌లో ఒకే ఒక్క పరుగు కావాలంటే ఆ కొంచెం కూడా విలువైనదే. సాఫ్ట్‌బాల్ టై బ్రేకర్‌లో అదనపు ఇన్నింగ్స్ మొదలయ్యేదే సెకండ్‌లో రన్నర్‌ని పెట్టి. అక్కడ మొదటి బ్యాటర్ చేత బంట్ ఆడించడంలో అర్థం ఉంది. మొదటి ఇన్నింగ్స్‌లో, జట్టులో బాగా కొట్టే ఇద్దరు తర్వాత రాబోతుండగా ఆడించడంలో లేదు.

ఇవి పెద్దవాళ్ల బేస్‌బాల్ అంకెలు, మన అండర్-14 అమ్మాయిలకు ఎలా పనికొస్తాయి అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. మన స్థాయిలో రెండు విషయాలు వేరు. ఒకటి, బంట్ బాల్‌ని పరిగెత్తి వచ్చి, తీసుకుని, తిరిగి ఫస్ట్‌కి విసరడం చిన్న పిల్లలకు చాలా కష్టం. కాబట్టి మనం ఇస్తున్నామనుకున్న అవుట్ చాలాసార్లు అవుటే కాదు. రెండు, బంట్ ఆడగానే అవతలి వాళ్ల స్థానాలు చెదిరిపోతాయి. థర్డ్ బేస్ అమ్మాయి బాల్ కోసం ముందుకు వస్తుంది, సెకండ్ బేస్ అమ్మాయి ఫస్ట్ కాయడానికి వెళ్తుంది, సెకండ్, థర్డ్ మధ్య నిలబడే షార్ట్‌స్టాప్ సెకండ్‌కి పోతుంది. మరి థర్డ్ బేస్‌లో ఎవరున్నారు? చాలా స్కూల్ జట్లలో ఎవరూ ఉండరు. మా రన్నర్ సెకండ్ చేరుతూనే తల తిప్పి థర్డ్ చూడాలని నేర్పేది అందుకే. ఖాళీగా ఉంటే ఆగకుండా వెళ్లిపోతుంది. ఒక అవుట్‌కి రెండు బేస్‌లు వస్తే అది మంచి బేరం.

కాబట్టి మ్యాచ్‌కి ముందు అవతలి జట్టు ప్రాక్టీస్ చూడండి. వాళ్ల థర్డ్ బేస్ అమ్మాయి కిందికి వంగి తీసిన బాల్‌ని ఫస్ట్‌కి నేరుగా వేయగలుగుతోందా? బ్యాటర్ వెనక ఉండే క్యాచర్ బయటికి వస్తోందా, కూర్చునే ఉంటోందా? బంట్ ఆడాలా వద్దా అన్నది అక్కడ సగం తేలిపోతుంది. మిగతా సగం స్కోర్ బోర్డు చెబుతుంది.

ఇక రెండు అవుట్లు అయ్యాక బంట్ ఎప్పుడూ వద్దంటారు. త్యాగం చేసే బంట్ వద్దు, నిజమే, త్యాగం చేయడానికి అవుట్ మిగల్లేదు. కానీ థర్డ్ బేస్ అమ్మాయి వెనక్కి జరిగి నిలబడితే, వేగంగా పరిగెత్తే బ్యాటర్ తను బతకడానికి ఆడే బంట్‌కి అవుట్లతో పనిలేదు.

అపోహ: కొట్టడం రానివాళ్లకే బంట్.

ఈ మాట వల్ల జరిగే నష్టం ఎక్కువ. బంట్ సిగ్నల్ ఇస్తే అమ్మాయి ముఖం మాడ్చుకుంటుంది, తనను తక్కువ చేశారనుకుని. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో బంగారం గెలిచిన అమెరికా జట్టులో నటాషా వాట్లీ ఉంది. ఎడమచేతి వైపు నిలబడి, పరుగు అందుకుంటూనే బాల్‌ని తట్టి వెళ్లిపోయే స్లాప్ ఆమె ఆయుధం. 2008 బీజింగ్‌లోనూ, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లోనూ ఫైనల్‌లో అమెరికాను ఓడించి బంగారం గెలిచిన జపాన్‌లో బంట్‌ని ఎవరూ చిన్నచూపు చూడరు. మా పిల్లలకు ఈ ఇద్దరి సంగతీ చెప్తాను. కొందరికి అది చాలు.

బంట్ నిజానికి సులువు కూడా కాదు. మహిళల సాఫ్ట్‌బాల్‌లో బాల్ వేసే పిచ్చర్‌కీ, బ్యాటర్ పక్కన ఉండే హోమ్ ప్లేట్‌కీ మధ్య దూరం 43 అడుగులు. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో బాల్ వచ్చినా అది చేరడానికి అర సెకను పైన కొంచెం పడుతుంది, అంతే. ఆ వ్యవధిలో బాల్‌ని ఆపి, వేగాన్ని చంపి, అనుకున్న వైపు పడేయాలి.

నేర్పేటప్పుడు నేను చూసేవి ఇవి. బ్యాట్‌ని స్ట్రైక్ జోన్ (కొట్టాల్సిన బాల్‌గా లెక్కించే మేర) పైఅంచు దగ్గర పట్టుకోవాలి. అంతకన్నా పైకి వచ్చిన బాల్ వదిలేయాల్సిందే, దానికోసం బ్యాట్ పైకి ఎత్తితే బాల్ గాల్లోకి లేస్తుంది. కిందికి వచ్చిన బాల్ కోసం బ్యాట్ దించకూడదు, మోకాళ్లు వంచాలి. బ్యాట్ కొన పిడివైపు కన్నా కొంచెం పైకి ఉండాలి. పై చేతి వేళ్లు బ్యాట్ వెనక దాగాలి, లేకపోతే వేళ్లు నలుగుతాయి. ఆ భయం ఒకసారి పట్టుకుంటే ఆ అమ్మాయి మళ్లీ బంట్‌కి వంగదు. అందుకే మొదటి వారం అంతా ప్లాస్టిక్ బాల్‌తోనో, పాత టెన్నిస్ బాల్‌తోనో చేయిస్తాను. దిశ మార్చడానికి చేతులు ఊపనక్కర్లేదు, కింది చేత్తో బ్యాట్ కోణం ముందే సరిచేసుకుంటే చాలు.

కాళ్ల దగ్గర ఇంకో చిక్కుంది. బ్యాట్‌కి బాల్ తాకే సమయానికి పాదం పూర్తిగా బ్యాటర్ నిలబడే బాక్స్ గీత దాటి నేలమీద ఆనితే బ్యాటర్ అవుట్. పరుగు మీద ధ్యాస పెట్టిన పిల్లలు ముందే బయటికి అడుగేస్తారు. మన గ్రౌండ్లలో ముగ్గు గీత రెండో ఇన్నింగ్స్‌కే చెరిగిపోతుంది కాబట్టి వాళ్లకు తెలియదు కూడా. ప్రాక్టీస్‌లో గీత మీద తాడు పరచండి, కాలికి తగులుతుంది.

రెండు స్ట్రైక్‌లు (వదిలేసిన లేదా కొట్టలేకపోయిన మంచి బాల్స్) పడ్డాక బంట్ ఫౌల్ అయితే, అంటే గీత బయటికి పోతే, అవుటే. ఇది అందరికీ తెలిసిన రూలే అయినా టెన్షన్‌లో మర్చిపోతారు. సిగ్నల్ ఇచ్చే మనమూ మర్చిపోకూడదు.

అపోహ: వేగంగా పరిగెత్తే అమ్మాయే మంచి బేస్ రన్నర్.

వంద మీటర్లలో ఫస్ట్ వచ్చిన అమ్మాయిని తెచ్చి జట్టులో పెడతారు. ఆమె రెండు మ్యాచ్‌లలో మూడుసార్లు అవుటై వస్తుంది. నన్ను అడిగితే ఖో-ఖో ఆడిన పిల్లను ఇవ్వండి అంటాను. ఆగడం, తిరగడం, అవతలి మనిషి భుజం చూసి ఎటు పోతుందో పసిగట్టడం ఆమెకు ముందే అలవాటు.

స్టీల్ లెక్క చూద్దాం, అంటే ఎవరూ కొట్టకుండానే, పిచ్చర్ బాల్ వేస్తుండగా ఫస్ట్ నుంచి సెకండ్‌కి పరిగెత్తడం. బేస్‌కీ బేస్‌కీ మధ్య 60 అడుగులు. హోమ్ ప్లేట్ నుంచి సెకండ్ బేస్‌కి ఐమూలగా దాదాపు 85 అడుగులు. పిచ్ చేరడానికి 0.6 సెకన్లు, క్యాచర్ బాల్ తీసి విసరడానికి ఒక సెకను, ఆ త్రో గంటకు 72 కిలోమీటర్లతో వెళ్తే 1.3 సెకన్లు అనుకుందాం. మొత్తం 2.9. నిలబడ్డ చోటి నుంచి 60 అడుగులు అంత సమయంలో పరిగెత్తే స్కూల్ పిల్లలు అరుదు. అంటే క్యాచర్ తప్పు చేయకపోతే స్టీల్ అవ్వకూడదు. అయినా అవుతున్నాయంటే త్రో పక్కకు పోవడమో, ట్యాగ్ (బాల్ పట్టుకున్న చేత్తో రన్నర్‌ని తాకడం) ఆలస్యం కావడమో జరుగుతోందన్నమాట. అంత సన్నని తేడాలో మన చేతిలో ఉన్నది బయల్దేరే క్షణం ఒక్కటే. 0.2 సెకన్లు ఆలస్యమైతే ఒక మీటర్ పైనే పోయినట్టు.

బేస్‌బాల్ వీడియోల గొడవ వచ్చేది ఇక్కడే. అక్కడ రన్నర్ ముందే బేస్ వదిలి పక్కకు జరిగి నిలబడతాడు. మన ఆటలో పిచ్చర్ చేతి నుంచి బాల్ వదిలేదాకా కాలు బేస్ మీదే ఉండాలి. ముందే వదిలితే అంపైర్ ఆ పిచ్‌ని రద్దు చేసి రన్నర్‌ని అవుట్ ఇస్తాడు. కాబట్టి పిచ్చర్ చెయ్యి తుంటి దగ్గరికి వచ్చే లయను పట్టుకోవాలి. ఒక కాలు బేస్ వెనక, ఇంకోటి బేస్ అంచు మీద పెట్టి, వెనక నుంచి ముందుకు ఊగుతూ సరిగ్గా బాల్ వదిలే సమయానికి కదలాలి. బెంచ్ మీద కూర్చున్న పిల్లల చేత పిచ్చర్ చేతిని చూస్తూ చప్పట్లు కొట్టిస్తాను. వారం తిరిగేసరికి చప్పుడు ఒక్కటవుతుంది.

దీనికి తోడు లుక్-బ్యాక్ రూల్. పిచ్చర్ నిలబడే ప్లేట్ చుట్టూ 8 అడుగుల వ్యాసార్ధంతో వృత్తం ఉంటుంది కదా. ఆ వృత్తంలో పిచ్చర్ బాల్ పట్టుకుని, ఎవరినీ అవుట్ చేసే ప్రయత్నం చేయకుండా నిలబడితే, బేస్ వదిలి ఉన్న రన్నర్ వెంటనే ముందుకో వెనక్కో తేల్చుకోవాలి. మధ్యలో నిలబడి ఊగిసలాడితే అవుట్. కానీ బాల్ ఇంకా క్యాచర్ చేతిలో ఉన్నప్పుడు, లేదా క్యాచర్ తీరిగ్గా పిచ్చర్‌కి తిరిగి విసురుతున్నప్పుడు ఈ రూల్ ఇంకా మొదలు కాలేదు. షార్ట్‌స్టాప్ కింద మట్టి సర్దుకుంటూ ఉంటే సెకండ్ బేస్ మనదే. ఇది చూసి కనిపెట్టే పిల్ల వేగంలో నాలుగో స్థానంలో ఉన్నా నాకు మొదటి రన్నరే.

అపోహ: ఫస్ట్ బేస్ దాటాక ఎడమకు తిరిగితే అవుట్.

కాదు. సెకండ్ వైపు వెళ్లే ప్రయత్నం చేస్తేనే ట్యాగ్ చేసి అవుట్ చేయొచ్చు, ఊరికే ఎడమకు తిరిగి వచ్చినంత మాత్రాన కాదు. అయినా కుడివైపు తిరగడమే నేర్పండి, అంపైర్‌కి అనుమానం కలిగించడం ఎందుకు. తిరిగేటప్పుడు త్రో వెనక్కి జారిపోయిందేమో ఒక చూపు చూడటం మాత్రం అలవాటు చేయాలి.

ఇంతకన్నా ముఖ్యమైనది ఎవరూ చెప్పరు. ఫస్ట్‌కి వెళ్లే దారిలో చివరి 30 అడుగులకు ఫౌల్ లైన్ బయట 3 అడుగుల వెడల్పు లేన్ ఉంటుంది. బంట్ ఆడినప్పుడు త్రో బ్యాటర్ వీపు వెనక నుంచి వస్తుంది. గీత లోపల పరిగెత్తి త్రో అందుకునే అమ్మాయికి అడ్డుపడితే అవుట్ ఇస్తారు. మంచి బంట్ ఇలా వృథా పోవడం ఏటా చూస్తున్నాను. రెండు రంగుల డబుల్ బేస్ ఉన్న గ్రౌండ్‌లో రన్నర్ ఫౌల్ వైపు ఉన్న నారింజ బేస్ తొక్కితే ఈ సమస్యతో పాటు ఫీల్డర్‌ని ఢీకొనే ప్రమాదం కూడా తప్పుతుంది.

అపోహ: ఫస్ట్‌కి జారితే తొందరగా చేరతాం.

ఫస్ట్ బేస్‌ని దాటి పరిగెత్తే హక్కు రూల్‌లోనే ఉంది. అలాంటప్పుడు జారి వేగం తగ్గించుకోవడం దేనికి? ట్యాగ్ తప్పించుకోవాల్సి వస్తే తప్ప అవసరం లేదు. పైగా మన మొరం గ్రౌండ్లలో జారితే తొడంతా గీసుకుపోతుంది. సెకండ్, థర్డ్, హోమ్‌లకు జారడం నేర్పాలి, అదీ తడిపిన గడ్డి మీదో, పాత ఫ్లెక్సీ పరిచి నీళ్లు చల్లో, కాళ్లు ముందుకు పెట్టి. తల ముందు పెట్టి దూకడం స్కూల్ పిల్లలకు నేను నేర్పను.

అపోహ: స్క్వీజ్ అంటే థర్డ్‌లో ఉన్న రన్నర్ కళ్లు మూసుకుని పరిగెత్తడమే.

థర్డ్‌లో ఉన్న రన్నర్‌ని బంట్‌తో హోమ్‌కి రప్పించడమే స్క్వీజ్. అందులో రెండు రకాలున్నాయి. సూసైడ్ స్క్వీజ్‌లో రన్నర్ బాల్ వదలగానే వచ్చేస్తుంది, బ్యాటర్ ఎలాంటి బాల్‌నైనా తాకించి తీరాలి. తాకకపోతే రన్నర్ క్యాచర్ ఒళ్లో పడ్డట్టే. సేఫ్టీ స్క్వీజ్‌లో రన్నర్ కొంచెం దిగి ఆగుతుంది, బంట్ నేలమీద పడిందని చూశాకే బయల్దేరుతుంది. గాల్లోకి లేచిందా, వెనక్కి. ఇన్‌ఫీల్డ్ ఫ్లై రూల్ (తేలిక క్యాచ్‌ని కావాలని వదిలి రన్నర్లను అవుట్ చేయకుండా కాపాడేది) బంట్‌కి వర్తించదు కాబట్టి అక్కడ రన్నర్లకు ఏ రక్షణా లేదు, క్యాచ్ పట్టి రెండు అవుట్లు చేస్తారు. బ్యాటర్ మీద పూర్తి నమ్మకం ఉంటే తప్ప అండర్-14లో నేను సేఫ్టీయే ఆడిస్తాను.

అపోహ: ఎప్పుడు పరిగెత్తాలో కోచ్ చెప్పాలి, అమ్మాయి వినాలి.

థర్డ్ బేస్ పక్కన నిలబడి "పో పో", "ఆగు ఆగు" అని అరిచే కోచ్‌లే మన దగ్గర ఎక్కువ. ఆ అరుపు చెవికి చేరి, అర్థమై, కాలు కదిలేలోపు అవకాశం పోతుంది. మా పద్ధతి ఇది: బాల్ రన్నర్ కళ్ల ముందు ఉంటే నిర్ణయం ఆమెదే. బాల్ వీపు వెనక, అంటే రైట్ ఫీల్డ్ వైపు పోతే, సెకండ్ చేరేముందు తలెత్తి నా చెయ్యి చూస్తుంది. తన నిర్ణయంతో అవుటై వచ్చిన అమ్మాయిని నేను తిట్టను, "ఏం చూసి వెళ్లావమ్మా?" అని అడుగుతాను. "లెఫ్ట్ ఫీల్డర్ బాల్‌కి వీపు పెట్టింది మేడం" అంటే సరే, తర్వాతిసారి కూడా వెళ్లమంటాను. "అందరూ పొమ్మన్నారు మేడం" అంటే మరుసటి రోజు ప్రాక్టీస్‌లో బెంచ్ మొత్తాన్నీ నోరు మూసుకుని కూర్చోమని, ఆమెను ఫస్ట్ నుంచి థర్డ్ దాకా ఒంటరిగా పరిగెత్తిస్తాను.