తేలిక సైకిలు ఎక్కడ విరుగుతుంది?

నల్లమల వెదురు బొంగును చేతిలోకి తీసుకుంటే బరువే ఉండదు, అయినా అంత సులువుగా వంగదు. అదే బొంగు కొసన కత్తి ఆనించి ఒక్క దెబ్బ వేస్తే నిలువునా చీలుతుంది. రేసు సైకిలు బలం, బలహీనత రెండూ ఇందులోనే ఉన్నాయి.

ముందు బోలుతనం సంగతి. గొట్టం గోడ మందాన్ని సగం చేసి, వ్యాసాన్ని రెట్టింపు చేస్తే బరువు మారదు. వంగకుండా నిలిచే గుణం మాత్రం నాలుగింతలవుతుంది. అల్యూమినియం బరువు ఉక్కులో మూడో వంతు, బిగువు కూడా దాదాపు మూడో వంతే. ఆ లోటు పూడ్చడానికే అల్యూమినియం ఫ్రేముల గొట్టాలు లావుగా ఉంటాయి. నాణ్యమైన ఉక్కు ఫ్రేములో గొట్టం గోడ అతుకుల దగ్గర 0.8 మి.మీ., నడుమ 0.5 మి.మీ. ఉంటే చాలు. నిలువు భారాన్ని అది బాగానే మోస్తుంది. పక్క నుంచి రాయి తగిలితే మాత్రం సొట్టపడుతుంది. ఇప్పుడు కార్బన్‌తో, అంటే జిగురులో పేర్చిన కార్బన్ దారాల పొరలతో, ఇంకా తేలిగ్గా చేయగలరు. అయినా పోటీల్లో సైకిలు 6.8 కిలోలకు తగ్గకూడదని అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య 2000 నుంచి నియమం పెట్టింది.

సైకిలు భాగం ఒక్క దెబ్బకు విరిగేది తక్కువ. లక్షల చిన్న దెబ్బలకు అలసి విరిగేదే ఎక్కువ. చక్రం ఒక చుట్టుకు సుమారు 2.1 మీటర్లు పోతుంది. స్పోకు కిందికి వచ్చిన ప్రతిసారీ కొంచెం వదులై, పైకి పోతూ మళ్లీ బిగుస్తుంది. మహబూబ్‌నగర్ నుంచి హైదరాబాద్ వంద కిలోమీటర్లు అనుకుంటే, ఆ ఒక్క ప్రయాణంలోనే ప్రతి స్పోకు 47 వేల సార్లకు పైగా వదులై బిగుస్తుంది. ఆ అలసట పేరుకునేది వంపులో. అందుకే స్పోకు నడుమ తెగదు, చక్రం నడిమి హబ్బు దగ్గర వంపులో తెగుతుంది. నడుమ సన్నగా సాగదీసిన స్పోకులే ఎక్కువ కాలం మన్నుతాయి. సన్నని నడుము సాగి ఊపును తీసుకుంటుంది కాబట్టి వంపు మీద పడే భారం తగ్గుతుంది.

ఉక్కుకు ఒక హద్దు ఉంది. ఆ హద్దుకు లోపల ఎన్నిసార్లు వంచినా అలసిపోదు. అల్యూమినియానికి అలాంటి హద్దు లేదు. చిన్న ఊపులైనా లెక్కలో చేరుతూనే ఉంటాయి. 2006లో ఫ్రాన్స్‌లోని ప్యారిస్-రూబే రేసులో, రాళ్లు పరిచిన దారి మీద, అమెరికా రేసరు జార్జ్ హిన్‌క్యాపీ సైకిలు అల్యూమినియం స్టీరర్ గొట్టం పుటుక్కున విరిగి ఆయన పడిపోయాడు. హ్యాండిల్‌ను, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కుతో కలిపేది ఆ గొట్టమే కాబట్టి, అది విరిగితే సైకిలు ఇక రౌతు అదుపులో ఉండదు.

విరిగిన అల్యూమినియం క్రాంకును, అంటే పెడల్‌ను మోసే కడ్డీని, వెలుగులో పట్టి చూడండి. పెడల్ బిగించే రంధ్రం అంచు నుంచి మొదలై కొంత మేర నున్నగా, ఆల్చిప్ప మీది గీతల్లాంటి వంపులు కనిపిస్తాయి. అది పగులు నెలల తరబడి మెల్లగా పాకిన జాడ. మిగతా భాగం గరుకుగా, మెరుస్తూ ఉంటుంది. చివరి తొక్కుకు ఒక్కసారిగా విరిగింది అక్కడే. నున్నని భాగం ఎంత పెద్దదైతే అన్ని రోజులు ఆ పగులు బయటి నుంచి కనిపించి ఉండొచ్చు. క్రాంకు తుడిచేటప్పుడు ఆ రంధ్రం చుట్టూ వెంట్రుకలాంటి గీత ఉందేమో చూడాల్సింది ఇందుకే.

కార్బన్ తీరు వేరు. దారాలు పరిచిన దిక్కున దానికి అపారమైన బలం, అడ్డంగా నొక్కితే మాత్రం అది వెదురే. అందుకే పొరలను రకరకాల కోణాల్లో పేరుస్తారు. అయినా బోల్టు పిడికిలి నొక్కుడుకు అది లొంగుతుంది. హ్యాండిల్ పట్టీ బోల్టు మీద 5 న్యూటన్-మీటర్లు అని రాసి ఉంటే, పది సెంటీమీటర్ల ఆలన్ కీ కొసన అయిదు కిలోలు వేలాడదీసినంత బలం అన్నమాట. పొడుగు పానాతో ఒంటి బరువంతా వేస్తే పొరలు లోపల నలుగుతాయి, బయట ఏమీ కనిపించదు. ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచి వాడండి. నాలుగు బోల్టులుంటే ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాలి. జారుతుంటే ఇంకా బిగించకుండా, పట్టు పెంచే కార్బన్ పేస్టు రాయండి, గ్రీజు వద్దు.

రిమ్ముకు బ్రేకు పట్టే కార్బన్ చక్రాలతో దోమలపెంట దాటి కృష్ణ దాకా ఘాట్ దిగేవారికి వేడి ఇంకో సమస్య. మనిషి, సైకిలు కలిపి 80 కిలోలు వంద మీటర్ల ఎత్తు దిగితే సుమారు 78 వేల జౌళ్ల శక్తి విడుదలవుతుంది. మెల్లగా బ్రేకు పట్టి దిగితే అందులో చాలా భాగం రిమ్ముల్లోకే పోతుంది. కార్బన్‌లోని రెసిన్ అనే జిగురు వేడిని త్వరగా వదలదు, మెత్తబడుతుంది. టైరులోని గాలి రిమ్ము అంచును బయటికి నెట్టేస్తుంది. బ్రేకు అదే పనిగా పట్టి ఉంచకండి. మలుపుకు ముందు గట్టిగా పట్టి, వదిలేసి, రిమ్ము చల్లారనివ్వండి.

నల్లగొండ ఎండలో కారే చెమట కూడా సైకిలుకు శత్రువే. కార్బన్ ఫ్రేములో సీటును నిలిపే అల్యూమినియం గొట్టం (సీటుపోస్టు) ఉంటే, ఆ ఉప్పునీటితో రెండూ కలిసి చిన్న బ్యాటరీలా పనిచేస్తాయి. అల్యూమినియం తెల్లటి పొడిగా మారి, ఉబ్బి, ఫ్రేములో ఇరుక్కుపోతుంది. రెండు నెలలకోసారి బయటికి తీసి తుడవాలి.

సైకిలు పడిపోయిన తర్వాత కార్బన్ గొట్టం పొడుగునా రూపాయి బిళ్లతో తట్టుకుంటూ పోండి. టంగుమనే శబ్దం ఒకచోట మొద్దుబారితే లోపల పొరలు విడిపోయి ఉండొచ్చు. అతుకుల దగ్గర గోడ మందం వల్ల కూడా శబ్దం మారుతుంది కాబట్టి రెండో వైపు అదే చోట తట్టి పోల్చాలి. తేడా ఉంటే ఆ సైకిలు ఎక్కకండి, కార్బన్ పని తెలిసినవాళ్లకు చూపించండి.