పట్టకం వెనక పనివాళ్లు: ‘డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’ మీద అపోహలు - వాస్తవాలు

నేను రికార్డింగ్ స్టూడియోలో మిక్సింగ్ చేస్తానని తెలిస్తే చాలు, రాక్ సంగీతం వినే కుర్రాళ్లు బ్రిటన్ రాక్ బ్యాండ్ పింక్ ఫ్లాయిడ్ ఊసెత్తుతారు. 1973 మార్చిలో వచ్చిన వాళ్ల ‘డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’ ఆల్బమ్ గురించి వాళ్లు చెప్పే కథలు వింటుంటే, లండన్ ఆబీ రోడ్ స్టూడియోలో మనుషులు పనిచేశారా, దేవతలు దిగొచ్చారా అనిపిస్తుంది.

అపోహ: అంతా మత్తులో, అప్పటికప్పుడు పుట్టింది.

రికార్డింగ్‌కి నెలల ముందే, 1972 జనవరి నుంచే ఈ పాటల వరుసను కచేరీల్లో వాయిస్తున్నారు. బ్రైటన్‌లో మొదటిసారి వాయించినప్పుడు టేపు మొరాయించి మధ్యలో ఆపేయాల్సి వచ్చింది కూడా. జనం ముందు వాయిస్తూనే మార్చుకుంటూ పోయారు. ఇందులోని ‘ఆన్ ద రన్’ మొదట్లో గిటార్ వాయింపే; కొత్త సింథసైజర్ (ఎలక్ట్రానిక్ వాద్యం) చేతికొచ్చాక దాన్ని నిర్మొహమాటంగా తీసేశారు.

‘మనీ’ పాట మొదట్లో చిల్లర గలగలలు, కాగితం చింపిన చప్పుడు, క్యాష్ రిజిస్టర్ మోత వినిపిస్తాయి కదా, అవి కంప్యూటర్‌లో చేసినవే అనుకుంటారు. ఆ రోజుల్లో స్టూడియోలో కంప్యూటర్ ఎక్కడిది? ఒక్కో చప్పుడు ఉన్న టేపు ముక్కను రూలరుతో కొలిచి, ఒకే పొడవుకు కోసి, ఏడు ముక్కల్నీ అతికించి, మళ్లీ మళ్లీ తిరిగే లూప్ చేశారు. పాట ఏడు లెక్కలో నడుస్తుంది కాబట్టి ఏడు. ఒక్క ముక్క పావు అంగుళం ఎక్కువైనా తాళం కుంటుతుంది. పింగాణీ పాత్రల్లా జాగ్రత్తగా చూడాల్సిన ఈ పనిని మత్తులో ఉన్నవాడికి అప్పజెప్పి చూడండి! ‘టైమ్’ పాటలో గడియారాలదీ ఇదే కథ. అన్నీ ఒక్కసారి మోగినవి కావు. ఇంజనీర్ అలన్ పార్సన్స్ పాత గడియారాల దుకాణంలో ఒక్కోదాన్నీ విడిగా రికార్డు చేసి, తర్వాత కలిపాడు.

అపోహ: ఇదంతా బ్యాండ్‌లోని ఆ నలుగురి సృష్టే.

నాకు ఒళ్లు మండేది ఇక్కడే. ‘ద గ్రేట్ గిగ్ ఇన్ ద స్కై’లో మాటల్లేని ఆ ఆలాపన గాయని క్లేర్ టోరీది. 1973 జనవరిలో ఒక ఆదివారం పిలిస్తే వచ్చింది. సాహిత్యం లేదు, ఇలా పాడమని స్వరాలూ ఇవ్వలేదు. గొంతునే వాయిద్యం అనుకుని కొన్ని టేకులు పాడి, 30 పౌండ్లు తీసుకుని వెళ్లిపోయింది. 2004లో కోర్టుకెక్కాక, 2005లో రాజీ కుదిరి, బ్యాండ్‌లో కీబోర్డు వాయించే రిక్ రైట్ పక్కన స్వరకర్తగా ఆమె పేరు చేరింది. మన దగ్గర మాత్రం? కోరస్ పాడినవాళ్ల పేరు లేని క్యాసెట్లు ఎన్ని లేవు!

ఆల్బమ్ అట్ట మీది పట్టకం (ప్రిజం) ఫోటో అనుకునేవాళ్లు చాలామంది. అది గీసిన బొమ్మ. హిప్‌నోసిస్ అనే డిజైన్ సంస్థ తరఫున స్టార్మ్ థార్గర్సన్, ఆబ్రీ పవెల్ ఆలోచన చేస్తే, గీసింది జార్జ్ హార్డీ. ఈసారి ఫోటో వద్దు, నీటుగా, దర్జాగా ఏదైనా కావాలని అడిగింది రిక్ రైట్. అక్కడున్నవి ఆరు రంగులే, ఇండిగో లేదు. మన ఫిజిక్స్ మాస్టారైతే సగం మార్కులు కోసేస్తారు. అట్ట తెరిస్తే లోపల ఆకుపచ్చ గీత గుండె చప్పుడులా ఎగిరిపడుతుంది. వెనక అట్ట మీద తలకిందుల పట్టకంలోకి దూరి రంగులు మళ్లీ తెల్ల వెలుగవుతాయి. అందువల్ల దుకాణంలో అట్టల్ని తెరిచి వరసగా పేరిస్తే వెలుగు తెగకుండా సాగుతుంది.

‘విజార్డ్ ఆఫ్ ఆజ్’ సినిమాకి సరిపోయేలా ఆల్బమ్ చేశారన్నది ఉత్త పుకారు. బ్యాండ్ వాళ్లే కొట్టిపారేశారు. 43 నిమిషాల రికార్డు గంటన్నర దాటిన సినిమాకు ఎలా సరిపోతుందట?

ఇక మొదట్లో వినిపించే గుండె చప్పుడు గుండెది కాదు, బ్యాండ్ డ్రమ్మర్ నిక్ మేసన్ బాస్ డ్రమ్‌ది. అమెరికాలో ఆల్బమ్‌లకు ర్యాంకులిచ్చే బిల్‌బోర్డ్ జాబితాలో ఏళ్ల తరబడి నంబర్ వన్ అన్నదీ తప్పే. మొదటి స్థానంలో ఉన్నది ఒక్క వారం. జాబితాలో మాత్రం మొత్తం మీద 900 వారాలకు పైగా ఉంది.