ఓవెన్‌లో మాడిన జిడ్డు: నురగను నమ్ముకుంటే వదలదు

జిడ్డు పేరుకుపోయిన వంటగదులను శుభ్రం చేయడం నా వృత్తి. స్టవ్ దగ్గరా, చిమ్నీ దగ్గరా ఎవరూ పెద్దగా సలహాలివ్వరు. ఓవెన్ తలుపు తెరిచామా, ఇంట్లో అందరికీ ఒక్కో చిట్కా గుర్తొస్తుంది. ఒకరు నిమ్మకాయ అంటారు, ఇంకొకరు ఉప్పు అంటారు, మరొకరు ఫోన్ తీసి బుసబుసా నురగ పొంగే వీడియో చూపిస్తారు. ఆ చిట్కాలన్నీ తప్పని కాదు. చాలావాటిలో ఉన్న లోపం ఒక్కటే, పది నిమిషాల్లో అయిపోవాలన్న ఆత్రం.

ఇక్కడ చెప్పేది నెలల తరబడి తుడవని ఓవెన్ గురించి. స్విచ్ వేయగానే పొగ, ఘాటు వాసన వచ్చే రకం. మైక్రోవేవ్ సంగతి వేరు. దాని గోడలు అంతగా కాలవు కాబట్టి, గిన్నెలో నీళ్లు వేడిచేసి ఆ ఆవిరికి కాసేపు మెత్తబడనిస్తే మరకలు గుడ్డకు వచ్చేస్తాయి.

అపోహ: మాడిన తిండే కదా, గట్టిగా రుద్దితే పోతుంది.

టార్చి వేసి లోపల దగ్గరగా చూడండి. రెండు రకాల మురికి కనిపిస్తుంది. అడుగున నల్లగా, బొగ్గు పెచ్చుల్లా ఉండేది ఒలికి మాడిపోయిన పిండి, చక్కెర, పులుసు. ప్లాస్టిక్ స్క్రేపర్ అంచు పెట్టి నెడితే ఇందులో సగం పొడిగానే ఊడొస్తుంది. గోడల మీద, తలుపు అద్దం మీద ఉండేది రెండోది. తేనెరంగు నుంచి ముదురు గోధుమరంగు దాకా, వార్నిష్ పూసినట్టు మెరుస్తుంది. గోరుతో గీకితే గీత పడుతుంది తప్ప పొర లేవదు.

అసలు చిక్కంతా ఈ రెండోదానితోనే. చిట్లిన నూనె తుంపర్లు వేడికి, గాలిలోని ఆక్సిజన్‌కు మారిపోయి, వాటి అణువులు ఒకదానికొకటి ముడిపడి గట్టి రెజిన్‌లా తయారవుతాయి. నూనె రాసి కాల్చిన ఇనప పెనం మీద వచ్చే నల్లటి నిగనిగ కూడా ఇలా పుట్టేదే. గిన్నెలు తోమే సబ్బు పచ్చి జిడ్డును నీళ్లలోకి లాగేస్తుంది గానీ ఇలా ముడిపడిన పొరను కదిలించలేదు. ఆ ముడులు వదులవ్వాలంటే క్షారం కావాలి, దానికి టైమ్ ఇవ్వాలి.

జర్మనీకి చెందిన రసాయన నిపుణుడు హెర్బర్ట్ జిన్నర్ 1959లో చెప్పిన సూత్రం ఒకటి మా వృత్తిలో ఇప్పటికీ నడుస్తోంది. ఏది శుభ్రం చేయాలన్నా నాలుగు కలవాలి: రసాయనం, రాపిడి, వేడి, సమయం. ఒకటి తగ్గితే ఆ లోటు మిగతా మూడూ పూడ్చాలి. ఇళ్లలో చాలామంది సమయం తగ్గించి రాపిడి పెంచుతారు. దాంతో చేయి నొప్పి పుడుతుంది, పూత గీరుకుపోతుంది, ఆ గీతల్లో తర్వాతి జిడ్డు ఇంకా గట్టిగా పట్టుకుంటుంది.

అపోహ: వంటసోడా మీద వెనిగర్ పోస్తే వచ్చే నురగే మురికిని లాగేస్తుంది.

అన్నిటికంటే ఎక్కువగా వినిపించేది ఇదే. వంటసోడా క్షారం, వెనిగర్ ఆమ్లం. రెండూ కలిస్తే ఒకదాని బలాన్ని ఇంకొకటి హరిస్తుంది. చివరికి మిగిలేది నీళ్లు, సోడియం అసిటేట్ అనే లవణం, బుడగలై ఎగిరిపోయే కార్బన్ డయాక్సైడ్. ఈ మూడింటిలో ఏదీ మాడిన నూనెను తినేది కాదు. నురగ వదులుగా ఉన్న పొడిని కాస్త కదిలిస్తుంది, అంతే.

“మాకు పనిచేసిందండీ” అనేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. వాళ్లకు పనిచేసింది వెనిగర్ చల్లకముందు రాత్రంతా గోడను అంటిపెట్టుకుని ఉన్న సోడా ముద్ద. పేరు మాత్రం నురగకు పోయింది.

ఆ ముద్దను సరిగ్గా వాడే పద్ధతి చెబుతాను. ప్లగ్ తీసేయండి, గోడలోకి కలిపేసిన ఓవెన్ అయితే మెయిన్‌లో దాని స్విచ్ ఆపండి. ర్యాకులు బయట పెట్టి, వదులుగా ఉన్న పెచ్చులన్నీ పొడిగానే గీకి తీసేయండి. ఈ మెట్టు దాటేస్తే సోడా ఆ బొగ్గుపొడి మీదే ఖర్చయిపోతుంది. అరకప్పు వంటసోడాకు రెండు మూడు పెద్ద చెంచాల నీళ్లు చాలు. జారిపోకుండా గోడకు నిలిచేంత చిక్కగా ఉండాలి. హీటింగ్ రాడ్లు, ఫ్యాన్, బల్బు, గ్యాస్ ఓవెన్ అయితే బర్నర్ రంధ్రాలు తప్పించి మిగతా చోట్ల దట్టంగా పూయండి. పన్నెండు గంటలు వదిలేయండి.

చాలామంది చెప్పని సంగతి ఒకటుంది. ముద్ద ఎండిందంటే దాని పని అక్కడితో ఆగినట్టే. రసాయన చర్య జరగడానికి తడి కావాలి. అందుకే బాగా మాడిన చోట ముద్ద మీద పల్చటి ప్లాస్టిక్ షీటు అతికిస్తాను, లేకపోతే మధ్యలో ఒకసారి నీళ్లు చిలకరిస్తాను. పొద్దున్నే చూస్తే తెల్లటి ముద్ద అక్కడక్కడా గోధుమరంగుకు తిరిగి ఉంటుంది. ఆ రంగు తిరిగిన చోట పని జరిగిందన్నమాట. తిరగని చోట ఇంకో విడత పూయాలి.

వెనిగర్‌ను పూర్తిగా పక్కన పెట్టక్కర్లేదు. ముద్దంతా తుడిచేశాక గోడల మీద తెల్లటి పొడి చారలు మిగులుతాయి. సగానికి సగం నీళ్లు కలిపిన వెనిగర్‌తో ఒకసారి, ఆ తర్వాత మంచినీళ్లతో ఇంకోసారి తుడిస్తే అవి పోతాయి. దాన్ని గంటల తరబడి మాత్రం వదలకండి. ఎనామిల్ అంటే ఉక్కు రేకు మీద కరిగించి అతికించిన గాజు పూత. ఆమ్లం ఎక్కువసేపు నిలిస్తే దాని మెరుపు తగ్గవచ్చు.

వంటసోడాకు లొంగని జిడ్డు మీద వాషింగ్ సోడా వాడొచ్చు. క్షారం బలాన్ని చెప్పే అంకెను పీహెచ్ అంటారు. వంటసోడా నీళ్ల పీహెచ్ 8 చిల్లర ఉంటుంది, వాషింగ్ సోడాది 11 దగ్గర. పీహెచ్‌లో ఒక్కో అంకెకూ పదిరెట్ల తేడా కాబట్టి బలంలో అంతరం చాలా ఎక్కువ. గ్లవ్స్ వేసుకోవాలి, అల్యూమినియం మీద పడనివ్వకూడదు.

అపోహ: నిమ్మకాయ ముక్కలు వేసి వేడిచేస్తే జిడ్డంతా కరుగుతుంది.

మెత్తబరిచేది ఆవిరి. నిమ్మకాయ ఇచ్చేది వాసన. నిన్నమొన్నటి జిడ్డుకైతే ఫర్వాలేదు, పాత పొరకు చాలదు.

అపోహ: ఓవెన్ క్లీనర్ స్ప్రే విషం, దాని జోలికి పోకూడదు. దీనికి కవల అపోహ: ఏ ఓవెన్‌కైనా కొట్టేయొచ్చు.

రెండూ తప్పే. ఘాటైన ఓవెన్ క్లీనర్లలో చాలావాటికి ప్రాణం కాస్టిక్ సోడా, అంటే సోడియం హైడ్రాక్సైడ్. అది నూనెను సబ్బుగా మార్చేస్తుంది. మామూలు నున్నటి ఎనామిల్ గోడ మీద ఏళ్లనాటి పొర ఉంటే, నా మటుకు నేను దీన్నే సరైన మందు అంటాను. నాలుగు విడతల సోడా ముద్దతో అయ్యే పనిని ఇది ఒక్క విడతలో చేయొచ్చు. ‘సహజం’ అన్న పేరు కోసం నాలుగు రాత్రులు ఓవెన్ మూసి కూర్చోవడంలో నాకు పెద్ద గొప్ప కనిపించదు.

అయితే ముందు తేల్చుకోవాల్సింది గోడ దేనితో చేశారన్నది. చేత్తో తడిమి చూడండి. గాజులా నున్నగా, బూడిదరంగులోనో నలుపులోనో ఉంటే ఎనామిల్. మసకగా మెరిసే వెండిరంగు లోహం అయితే, బల్ల మీద పెట్టుకునే చిన్న ఓటీజీల్లో (ఓవెన్, టోస్టర్, గ్రిల్ కలిసినవి) ఎక్కువగా ఇదే ఉంటుంది, అల్యూమినియం పూతో జింక్ పూతో అయ్యే అవకాశం ఎక్కువ. కాస్టిక్ ఈ రెండింటినీ తినేస్తుంది. ముట్టుకుంటే గరుకు కాగితంలా, మెరుపు లేకుండా ఉంటే అది క్యాటలిటిక్ పలక. వేడికి తన మీద పడ్డ జిడ్డును తానే కాల్చుకునే రకం. దాని సూక్ష్మరంధ్రాలు పూడుకుపోతే ఆ గుణం పోతుంది, కాబట్టి దాని మీద స్ప్రే గానీ, సోడా ముద్ద గానీ, పీచు గానీ పనికిరావు. సెల్ఫ్ క్లీన్ ఉన్న ఓవెన్ల ఎనామిల్‌కు కూడా, డబ్బా మీద స్పష్టంగా రాసి ఉంటే తప్ప, ఈ స్ప్రే కొట్టకూడదు. అనుమానం ఉంటే ఓవెన్‌తో వచ్చిన మాన్యువల్ తీయండి. అందులో శుభ్రం చేయడానికి ఎప్పుడూ ఒక పేజీ ఉంటుంది, దాన్ని ఎప్పుడూ ఎవరూ చదవరు.

వాడేటప్పుడు మోచేతి దాకా వచ్చే గ్లవ్స్, కళ్లకు మూసుకునే అద్దాలు తప్పనిసరి. కిటికీలు తెరిచి ఉంచాలి. లోపలి కప్పుకు నేరుగా కొట్టకండి, చుక్కలు మొహం మీద పడతాయి. స్పాంజికి పట్టించి పూయండి. డబ్బా మీద చెప్పి ఉంటే తప్ప వేడి ఓవెన్‌లో కొట్టొద్దు. వేళ్లకు జారుడుగా తగిలిందంటే అది మీ చర్మం మీది కొవ్వును సబ్బు చేయడం మొదలుపెట్టిందని అర్థం. వెంటనే కుళాయి కింద పెట్టి బాగా కడగండి. క్షారానికి విరుగుడని వెనిగర్ పోయకండి, నీళ్లే మందు. కంట్లో పడితే కనీసం 15–20 నిమిషాలు ఆపకుండా నీళ్లతో కడిగి, తిన్నగా ఆసుపత్రికి వెళ్లాలి.

అపోహ: రెండు మూడు క్లీనర్లు కలిపితే పవర్ పెరుగుతుంది.

ప్రాణాల మీదకు వస్తుంది. బ్లీచ్‌లో అమ్మోనియా కలిస్తే క్లోరమైన్, ఆమ్లం కలిస్తే క్లోరిన్ వాయువు పుడతాయి. ఓవెన్‌లో రాత్రంతా అమ్మోనియా గిన్నె పెట్టమనే చిట్కా ఒకటి తిరుగుతోంది. ఆ ఆవిరికి జిడ్డు కొంత వదులయ్యే మాట నిజమే. తెల్లారి తలుపు తీసినప్పుడు మొహానికి కొట్టే ఘాటు కూడా అంతే నిజం. నేనైతే చెప్పను.

అపోహ: సెల్ఫ్ క్లీన్ బటన్ ఉంది కదా, ఎంత మురికైనా అదే చూసుకుంటుంది.

ఆ బటన్ సాధారణంగా నడిపేది పైరోలిటిక్ పద్ధతి, అంటే మురికిని అతి వేడితో కాల్చేయడం. ఇందులో ఓవెన్ తలుపు దానంతటదే తాళం పడి, లోపల వేడి సుమారు 430 నుంచి 500 డిగ్రీల సెల్సియస్ దాకా వెళ్తుంది. రెండు నుంచి నాలుగు గంటల్లో మురికి బూడిదవుతుంది. చల్లారాక తడిగుడ్డతో తుడిస్తే సరి. వారానికింత మురికి పడే ఓవెన్‌కు ఇది హాయి. చిక్కటి జిడ్డు, అడుగున మడుగు కట్టిన నూనె ఉన్న ఓవెన్‌లో అదే బటన్ నొక్కితే దట్టమైన పొగ, కార్బన్ మోనాక్సైడ్ వస్తాయి, నిప్పు కూడా అంటుకోవచ్చు. అందుకని ముందు చేతికి వచ్చినంత జిడ్డు తీసేసి, ఆ తర్వాతే బటన్. లోపల మంట కనిపిస్తే తలుపు లాగొద్దు, కరెంట్ ఆపి దూరంగా ఉండండి.

మామూలు ర్యాకులు లోపల వదిలేస్తే రంగు మారి, జారడం మానేస్తాయి. పెంపుడు పక్షులుంటే పంజరాన్ని వంటగదికి దూరంగా, గాలాడే చోటుకు మార్చండి. వాటి ఊపిరితిత్తులు పొగకు చాలా సున్నితం. ఇంకోమాట. ఇంటికి బంధువులొచ్చే ముందురోజు ఈ బటన్ నొక్కకండి. అంత వేడికి ఒక్కోసారి వేడి మితిమీరితే కరెంట్ ఆపే థర్మల్ ఫ్యూజ్ పోతుంది, తలుపు తాళం బిగుసుకుంటుంది. ఆ టెన్షన్ ఆ రోజే ఎందుకు?

స్టీమ్ క్లీన్ అని రాసి ఉండేది వేరే సంగతి. అది నీటి ఆవిరితో తాజా మరకలను మెత్తబరచడానికే.

అపోహ: తలుపు అద్దానికి స్టీల్ పీచే గతి.

అది టెంపర్డ్ గాజు, అంటే వేడిచేసి గట్టిపరిచినది. లోతుగా పడ్డ గీత దాని బలహీనత, తర్వాత వేడికో చిన్న దెబ్బకో అక్కడి నుంచే మొత్తం పగలవచ్చు. సోడా ముద్ద అరగంట ఉంచి, గీతపడని స్పాంజి వాడండి. మొండి చుక్కలుంటే, మాన్యువల్ వద్దనకపోతే, గాజు కోసం అమ్మే బ్లేడ్ స్క్రేపర్‌ను తడి అద్దం మీద దాదాపు పడుకోబెట్టినట్టు పట్టి మెల్లగా నెట్టండి. వేడి అద్దం మీద చన్నీళ్లు చల్లకండి.

రెండు అద్దాల మధ్య కారిన చారలు బయటి నుంచి ఎంత తుడిచినా పోవు. చాలా ఓవెన్లలో తలుపు విప్పి అద్దం తీసే వీలుంటుంది, ఎలాగో మాన్యువల్‌లో ఉంటుంది. కీళ్ల స్ప్రింగులు వేళ్లు నలిపేసేంత గట్టివి, తలుపూ బరువే. ఇంకొకరి సాయం తీసుకోండి.

చిన్నచిన్నవి ఇంకొన్ని

అడుగున అల్యూమినియం ఫాయిల్ పరిస్తే మురికి పడదంటారు. వేడి తిరగడం దెబ్బతింటుంది, ఒక్కోసారి ఫాయిల్ కరిగి ఎనామిల్‌కు అతుక్కుపోతుంది, ఇక అది రాదు. కింది అరలో ఒక ట్రే పెట్టుకోండి.

హీటింగ్ రాడ్లను తోమక్కర్లేదు, వాటి మీద పడ్డది వేడికి కాలిపోతుంది. తలుపు చుట్టూ ఉండే గాస్కెట్ పట్టీని అస్సలు రుద్దొద్దు. అది నలిగితే వేడి బయటకు పోతుంది.

ర్యాకులను పెద్ద తొట్టిలో వేడినీళ్లు, వాషింగ్ సోడా వేసి రాత్రంతా ముంచితే పొద్దున స్పాంజికే వదులుతాయి. అల్యూమినియం ట్రేలు మాత్రం అందులో వేయకండి, నల్లబడతాయి.

అపోహ: కొత్తదానిలా మెరవకపోతే శుభ్రం కానట్టే.

పాత ఎనామిల్‌లో ఇంకిన గోధుమ ఛాయ, ఆమ్లం తగిలి మెరుపు పోయిన మచ్చ ఎన్ని విడతలు పూసినా పోవు. అవి మురికి కావు, వాటితో కుస్తీ పడితే ఉన్న పూత కూడా పోతుంది. తెల్లగుడ్డ తడిపి గోడల మీద గట్టిగా ఒత్తి తుడవండి. గుడ్డకు రంగు అంటకుండా, చేతికి జారుడు తగలకుండా ఉంటే చాలు. పూర్తిగా ఆరాక కిటికీ తెరిచి, ఖాళీ ఓవెన్‌ను 150 డిగ్రీల దగ్గర ఒక పావుగంట నడపండి. ఘాటు వాసన వస్తే ఎక్కడో క్లీనర్ మిగిలిపోయిందని లెక్క. ఎక్కువగా తలుపు అంచుల కింద, ర్యాకులు ఆనే పట్టాల వెనక ఉంటుంది. చల్లారాక ఆ రెండు చోట్లా మళ్లీ తడిగుడ్డ పెట్టండి.