గీకొద్దన్న ఇల్లు

ఇంగ్లండులో రక్షిత కట్టడాల జాబితాకెక్కిన పాత ఇంట్లో ఉంటే, కిటికీల తీరు మార్చాలన్నా ముందు కౌన్సిల్ అనుమతి తీసుకోవాలి. తీసుకోకపోతే నేరం. సొంతింటి మీద ఈ పెత్తనమేమిటని విసుక్కునే యజమానులకు అక్కడ కొదవ లేదు. ఈ పట్టింపు ఎక్కణ్నుంచి వచ్చిందో వెతుక్కుంటూ పోతే, ఒక దారి థేమ్స్ నది పక్కన కెల్మ్‌స్కాట్ అనే పల్లెలో ఓ రాతి ఇంటి దాకా తీసుకెళ్తుంది.

కెల్మ్‌స్కాట్ మేనర్ అన్న జమీందారీ పేరు దానికి 19వ శతాబ్దంలో అంటుకున్నదే. 1600 ప్రాంతంలో టర్నర్లనే రైతు కుటుంబం కట్టుకున్న ఇల్లది. గోడలు ఆ చుట్టుపక్కల దొరికే సున్నపురాయి, దాన్ని పట్టి ఉంచేది సున్నం. కప్పు మీద కూడా రాతి పెంకులే. ఈ పెంకుల తయారీలో సగం పని చలికాలానిది. స్టోన్స్‌ఫీల్డ్ లాంటి చోట్ల తవ్వితీసిన రాయిని ఆరిపోకుండా తడిగా ఉంచేవారు. గడ్డకట్టే చలికి లోపలి తేమ ఉబ్బి రాయి పొరలు పొరలుగా విడిపోయేది. పెద్ద పెంకులు చూరు దగ్గర, పైకి పోయేకొద్దీ చిన్నవి. చేప పొలుసుల్లా ఉంటాయన్న పోలిక విలియం మోరిస్‌ది.

కవీ, అద్దకాల నిపుణుడూ అయిన మోరిస్ 1871లో ఈ ఇంటిని చిత్రకారుడు రోసెట్టితో కలిసి అద్దెకు తీసుకున్నాడు. ఆ రోజుల్లో పాత చర్చిలను 'పునరుద్ధరించడం' ఒక జ్వరం. శతాబ్దాల నాటి గచ్చు గీకేసి, తర్వాతి కాలపు పనులు కూలగొట్టి, అసలు రూపమని తమకు తోచింది కట్టేవారు. కెల్మ్‌స్కాట్‌కు దగ్గర్లోని బర్‌ఫర్డ్ చర్చిలో ఆ పని చూసి మోరిస్ మండిపడ్డాడు. ట్యూక్స్‌బరీ ఆబీ అనే పాత మఠం చర్చి వంతు వచ్చేసరికి ఆగలేక, 1877లో పురాతన కట్టడాల రక్షణకు ఓ సంఘమే పెట్టాడు. దానికి 'యాంటీ స్క్రేప్' అని ముద్దుపేరు వచ్చింది. గీకుడు వ్యతిరేక సంఘమన్నమాట! దాని వాదం సూటిగా ఉండేది: చెడినచోట బాగుచేయండి, కొత్తగా సృష్టించకండి. చట్టం మాత్రం తాపీగా కదిలింది. భవనాలను జాబితాకెక్కించే పద్ధతి 1947 నాటి ప్రణాళికా చట్టంతోనే గట్టిపడింది. కెల్మ్‌స్కాట్ మేనర్ ఇప్పుడు అందులో మొదటి శ్రేణిలో ఉంది.

ఇలాంటి పాత గోడలకు సిమెంటు వాడొద్దన్న అభ్యంతరం కూడా ఊరికే వచ్చింది కాదు. సున్నపు గోడ తడి పీల్చుకుంటుంది, మళ్లీ వదిలేస్తుంది. పైన సిమెంటు పూస్తే ఆ తడికి బయటికి దారి ఉండదు. సందుల్లో రాయికన్నా గట్టి సిమెంటు కూరితే పెచ్చులూడేది రాయే. గానుగ సున్నం పని తెలిసిన మేస్త్రీలకు ఇది కొత్త సంగతేమీ కాదు.

మోరిస్ కూతురు మే 1938లో చనిపోతూ, ఉన్నదున్నట్టు ఉంచాలన్న షరతులతో ఇంటిని ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి రాసింది. ఆ బరువు విశ్వవిద్యాలయం మోయలేకపోయింది. 1962లో ఇల్లు లండన్‌లోని సొసైటీ ఆఫ్ యాంటిక్వరీస్ అనే పురావస్తు పండితుల సంఘం చేతికొచ్చింది. ఆ దశకంలోనే పెద్ద మరమ్మతు జరిగింది. ఇటీవల మరో విడత పనుల తర్వాత 2022లో మళ్లీ తలుపులు తెరిచారు.

ఇప్పుడు చిక్కంతా పెంకులతోనే. స్టోన్స్‌ఫీల్డ్ గనులు మూతపడి వందేళ్లు దాటింది. అసలు పెంకు కావాలంటే చాలాసార్లు పాత సరుకే గతి, అంటే ఏదో పొలంలో పాడుబడ్డ, గడ్డి దాచే కొట్టం మీది రాతి కప్పు ఊడదీయాల్సిందే.