కథ పంపాక ఏం జరుగుతుంది? సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ కొత్త రచయితల అపోహలు – వాస్తవాలు

తెలుగులోనో, ఇంగ్లీషులోనో, రెండింటిలోనో సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ కథలు రాయడం మొదలుపెట్టినవాళ్లతో మాట్లాడినప్పుడల్లా కొన్ని నమ్మకాలు పదేపదే వినిపిస్తాయి. నేనూ ఈ రంగంలో ఇంకా నిలదొక్కుకుంటున్న రచయితనే. పత్రికలకు కథలు పంపుతూ, జవాబుల కోసం ఎదురుచూస్తూ గమనించినదేమిటంటే, మంచి కథ రాయగలిగినవాళ్లను కూడా ఈ నమ్మకాలు మధ్యలోనే ఆపేస్తున్నాయి.

అపోహ: సైన్స్ చదివినవాళ్లే సైన్స్ ఫిక్షన్ రాయాలి, ఫాంటసీకి ఏ నియమమూ అక్కర్లేదు.

వాస్తవం: చైనా సైన్స్ ఫిక్షన్ రచయిత లియు సిషిన్ అక్కడ ఒక విద్యుత్ కేంద్రంలో ఇంజనీరుగా పనిచేస్తూ రాశారు. అమెరికన్ సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచయిత్రి అర్సులా లె గ్విన్ చదివింది మాత్రం ఫ్రెంచి, ఇటాలియన్ సాహిత్యాలు. ఇద్దరికీ ఉన్నది, ఒక మార్పును ఊహించి దాని పర్యవసానాలను చివరిదాకా వెంబడించే ఓపిక. మేఘాలను కోరిన చోటికి మళ్లించే యంత్రం వచ్చిందనుకుందాం. అది ఎలా పనిచేస్తుందో నమ్మేలా రెండు వాక్యాల్లో చెబితే చాలు. అనంతపురంలో వేరుశనగ ఊడలు దిగే వేళ వాన కావాలని ఒక రైతు, అదే వారం సూర్యాపేట దగ్గర కల్లంలో ఆరబోసిన పెసలు తడవకూడదని ఇంకో రైతు దరఖాస్తు పెట్టుకుంటే, ఏ కాగితం మీద ఎవరు సంతకం పెడతారన్న దగ్గర కథ మొదలవుతుంది. యంత్రం స్థానంలో మంత్రాన్ని పెట్టినా ఈ చిక్కు తప్పదు. మాంత్రికుడి ప్రాణాన్ని ఏడు సముద్రాల అవతల చిలకలో దాచిన మన జానపద కథకులకు మంత్రానికీ ఒక హద్దు ఉండాలన్న సంగతి బాగా తెలుసు. ఆ ఒక్క హద్దు లేకపోతే కథానాయకుడికి వెళ్లవలసిన దారే ఉండదు.

అపోహ: ఆలోచన బయటపెడితే ఎవరో దొంగిలిస్తారు.

వాస్తవం: ఆలోచనకు కాపీరైట్ ఉండదని, దాన్ని వ్యక్తం చేసిన తీరుకే ఉంటుందని ఒక నాటకానికీ సినిమాకూ మధ్య వచ్చిన వివాదంలో సుప్రీంకోర్టు 1978లోనే స్పష్టం చేసింది. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం రాసిన క్షణం నుంచే హక్కు రచయితది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. రచయిత మరణించాక మరో 60 ఏళ్లు ఆ హక్కు వారసులకు ఉంటుంది. జాగ్రత్తపడవలసిన చోటు ఒప్పంద పత్రం. ఒక పత్రిక మొదటి ప్రచురణ హక్కు అడగడం సబబే. అనువాదం, ఆడియో, సినిమా సహా సర్వహక్కులూ శాశ్వతంగా రాసివ్వమంటే మాత్రం ఎంత పేరున్న సంస్థ అయినా ఆగి అడగాలి. హక్కుల బదిలీ పత్రంలో కాలపరిమితి రాయకపోతే దాన్ని ఐదేళ్లుగానే పరిగణించాలని ఇదే చట్టం చెబుతోంది. ఈ విషయం తెలిసిన కొత్త రచయితలు నాకు చాలా తక్కువగా కనిపించారు.

అపోహ: కథ తిరిగొచ్చిందంటే అది పనికిరానిదని అర్థం.

వాస్తవం: అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే నమ్మకం ఇదేనని నా అభిప్రాయం. అంతర్జాతీయంగా పేరున్న ఇంగ్లీషు పత్రికలకు ఎవరూ అడగకుండానే వచ్చిపడే కథల గుట్టను అక్కడ స్లష్ పైల్ అంటారు. క్లార్క్స్‌వరల్డ్ వంటి పత్రికకు నెలకు వెయ్యికి పైగా కథలు వస్తాయి. సంచికలో అచ్చయ్యేవి పదిలోపే. మీ కథ బాగున్నా, ఎడిటర్ అలాంటి ఇతివృత్తంతో మరో కథను అప్పటికే తీసుకుని ఉండవచ్చు, లేదా ఆ పత్రిక అభిరుచికి అది సరిపడకపోవచ్చు. తిరస్కరణలు కూడా అన్నీ ఒకటి కావు: అందరికీ పంపే ముక్తసరి జవాబు ఒకటి, మీ కథలోని ఫలానా పాత్ర గురించి రెండు మాటలు రాసి మరో కథ పంపమని అడిగే జవాబు ఇంకొకటి. రెండోది మర్యాద కోసం రాసినది కాదు. అంత పని ఒత్తిడిలో ఉన్న ఎడిటరుకు మాట వరసకు అలా రాసే తీరిక ఉండదు కనుక, దాన్ని నమ్మి తర్వాతి కథ పంపాలి.

అమెరికన్ సైన్స్ ఫిక్షన్ రచయిత్రి ఆక్టేవియా బట్లర్ 1970లో క్లారియన్ అనే ఆరు వారాల శిక్షణ శిబిరానికి వెళ్లి రెండు కథలు అమ్మగలిగారు. ఆ తర్వాత సుమారు ఐదేళ్లు ఆమెకు తిరస్కరణలే మిగిలాయి. గిన్నెలు కడిగే పని, ఫోనులో సరుకులు అమ్మే పని చేసుకుంటూ, రాత్రి రెండు గంటలకే లేచి రాసుకునేవారు. మొదటి నవల 1976లో వచ్చింది. 1995లో, అమెరికాలో అసాధారణ ప్రతిభకు ఇచ్చే మెకార్థర్ ఫెలోషిప్ అందుకున్న తొలి సైన్స్ ఫిక్షన్ రచయిత ఆమే. ఆ ఐదేళ్లలో రాయడం ఆపి ఉంటే అవేవీ ఉండేవి కావన్నది నాకు ధైర్యాన్నిచ్చే విషయం.

తెలుగు పత్రికల విషయంలో తిరస్కరణ కన్నా మౌనం ఎక్కువ బాధపెడుతుంది. రచన సొంతమనీ, అనువాదమో అనుసరణో కాదనీ, మరే పత్రిక పరిశీలనలోనూ లేదనీ హామీపత్రం ఇస్తాం కనుక, జవాబు రాకపోయినా కథను ఇంకోచోటికి పంపలేక నెలలు గడిచిపోతాయి. పంపిన తేదీని రాసిపెట్టుకుని, పత్రిక చెప్పిన గడువు దాటాక మర్యాదగా ఒక ఉత్తరం రాసి, అప్పటికీ జవాబు లేకపోతే కథను ఉపసంహరించుకుంటున్నట్టు రాతపూర్వకంగా తెలిపి వేరేచోటికి పంపడం పద్ధతి. ఈలోగా తర్వాతి కథ మొదలుపెట్టి ఉండాలి.

అపోహ: నాలుగు కథలు అచ్చయితే ఉద్యోగం మానేయవచ్చు.

వాస్తవం: అమెరికాలోని సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచయితల సంఘం 2019 నుంచి వృత్తిపరమైన పారితోషికంగా గుర్తించిన కనీస రేటు మాటకు 8 సెంట్లు. ఆ లెక్కన 5,000 మాటల కథకు 400 డాలర్లు వస్తాయి. అలాంటి కథలు ఏడాదికి రెండు అచ్చయినా గొప్పే. తెలుగులో పారితోషికం ఇంతకన్నా చాలా తక్కువ, కొన్ని వెబ్ పత్రికల్లో అసలు ఉండదు. లెక్కలేనన్ని బహుమతులు గెలిచిన అమెరికన్ సైన్స్ ఫిక్షన్ రచయిత టెడ్ చియాంగ్ కూడా సాంకేతిక పత్రాలు రాసే ఉద్యోగం చేసుకుంటూనే కథలు రాశారు. సొంత డబ్బుతో పుస్తకం అచ్చు వేసుకోవడం మన దగ్గర ఎప్పటి నుంచో ఉన్న గౌరవమైన సంప్రదాయమే. అయితే రచయిత దగ్గరే డబ్బు తీసుకుంటూ, పుస్తకాన్ని తామే ఎంపిక చేసి ప్రచురిస్తున్నామని చెప్పుకునే సంస్థలకు దూరంగా ఉండాలి.

అపోహ: ఏఐతో రాయించి పంపినా ఎవరికీ తెలియదు.

వాస్తవం: యంత్రాలు రాసిన కథలు వెల్లువెత్తడంతో క్లార్క్స్‌వరల్డ్ 2023 ఫిబ్రవరి 20న కథల స్వీకరణను తాత్కాలికంగా ఆపేసింది. అలా తలుపు మూసినప్పుడు నష్టపోయేది కొత్తవాళ్లే, ఎందుకంటే పేరున్నవాళ్లకు ఎడిటర్లతో పరిచయాలుంటాయి, మనకు ఆ తలుపు ఒక్కటే దారి. అందుకే కథ పంపే ముందు ఆ పత్రిక నియమాల్లో దీని గురించి ఏం రాశారో పూర్తిగా చదవండి. మీ చిత్తుప్రతులను తేదీలతో సహా భద్రపరచుకుంటే, ఎప్పుడైనా అనుమానం ఎదురైనప్పుడు చూపించడానికి పనికొస్తాయి.